పిల్లల వ్యాసాలు – మా గుమాస్తాగిరి

ఆవు వ్యాసం సంగతి పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఆవును గురించి ఒక్క వ్యాసమే కంఠతా పట్టిన కుర్రవాడికి పరీక్షలో కొబ్బరిచెట్టు మీద రాయమని వచ్చిందట. వాడు చెట్టును గురించి ఒక వాక్యం రాసి, ఆ చెట్టుకు ఆవును కట్టి, తక్కిన రెండు పేజీలూ ఆవును గురించే రాసి లేచి వచ్చాడట. మన తాతలు ఈ కథ చెప్పుకుని నవ్వారు, మనమూ నవ్వాము. ఇప్పటి పిల్లలకు ఆవును కట్టే శ్రమ కూడా లేదు. ఫోను నడిగితే చెట్టుకు చెట్టు, ఆవుకు ఆవు, వేరువేరుగా నిమిషంలో రాసి ఇస్తున్నది. తప్పులుండవు. అందులో పిల్లవాడు మటుకు ఎక్కడా కనపడడు.

మా బరంపురంలో మన సంఘం వారు ఆదివారం ఉదయం రెండు గంటలసేపు పిల్లలకు తెలుగు చెప్పిస్తున్నారు. వెనుక ఒక రిటైరైన మాస్టారు చెప్పేవారు. ఆయనకు చూపు తగ్గి మానుకున్నాక, పెద్దలందరూ కలిసి ఆ పని మా నెత్తిన పెట్టారు. మేము మెట్రిక్కుతో చదువు ఆపినవాళ్లం. తండ్రిగారు సర్వీసులో ఉండగానే పోవడం వల్ల ఆ గుమాస్తా కుర్చీ మాకు దక్కింది. పగలంతా ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ కాగితాలు నడిపి, సాయంత్రం ఇంటికి వచ్చి తెలుగులో కబుర్లు చెప్పుకునే బాపతు. ఈ వార్త విని మా ఆవిడ, "మీరు చెప్పేదేటండి? పిల్లలకు డిస్పాచి రిజిస్టరు రాయడం నేర్పుతారా?" అన్నది. హాస్యానికి అన్నదే గాని, చివరికి మేము నేర్పినది ఇంచుమించు అదే.

మొదటి ఆదివారం పెద్ద పిల్లలు 13 మంది వచ్చారు. ఎనిమిది నుంచి పదో క్లాసు దాకా చదివేవారు. అక్షరాలు వచ్చు, కూడబలుక్కుని చదవగలరు. ఏం రాస్తారో చూద్దామని "సెల్‌ఫోను – లాభనష్టాలు" అన్న విషయం ఇచ్చాము. పుస్తకాలు ఇంటికి తెచ్చి చూద్దుము గదా, పదమూడింటిలోనూ ఒకే మొదలు: నేటి ఆధునిక యుగంలో సెల్‌ఫోను మానవ జీవితంలో విడదీయరాని భాగమైనది. ఒకే ముగింపు: కావున మనమందరము సెల్‌ఫోనును మంచికి ఉపయోగించుకొని దేశాభివృద్ధికి పాటుపడవలెను. నడుమ మూడు లాభాలు, మూడు నష్టాలు. త్రాసులో తూచినట్లున్నది.

మర్నాటి వారం ఒక కుర్రవాణ్ణి పిలిచి, "మీ ఇంట్లో ఫోను ఎక్కువగా పట్టుకునేదెవరు, నాన్నా?" అని అడిగాము.

"మా తాతగారండి."

"ఆయనకు ఫోనుతో ఏం పని?"

"మామ్మ పోయిన దగ్గరనుంచి రాత్రిళ్లు నిద్రపట్టదండి. పాత పాటలు పెట్టుకుని పడుకుంటారు. పాట ఆగిపోతే లేచి కూర్చుంటారండి. మళ్లీ నేను లేచి పెట్టాలి."

ఇంత సంగతి వాడి దగ్గరున్నది. వ్యాసంలో ఒక్క ముక్క రాలేదు. ఎందుకు రాయలేదురా అంటే, "అది వ్యాసం కాదు గదండీ" అన్నాడు. వ్యాసమంటే తనకు తెలియని సంగతిని తనది కాని భాషలో చెప్పడమని వాడికి ఎవరో గాని చాలా గట్టిగా నేర్పారు. బడి మాస్టర్లను అని లాభం లేదు. క్లాసుకు అరవైమంది, దిద్దవలసిన పుస్తకాలు గుట్టలు. ఒకే వ్యాసం అరవైసార్లు దిద్దడం తేలిక, అరవై వ్యాసాలు దిద్దడం మనిషివల్ల అయ్యే పని కాదు.

అప్పుడు మాకు మా ఆఫీసు గుర్తుకు వచ్చింది. మా దగ్గర కాగితం లోపలికి వచ్చినది మొదలు దానికి ఒక నెంబరు, ఒక తారీకు, ఒక పేజీ ఉంటాయి. ఫైలుకు రెండు భాగాలు. ఒకవైపు వచ్చిన ఉత్తరాలు, పంపిన నకళ్లు. రెండోవైపు నోటు. నోటులో గుమాస్తా తన మాట రాస్తాడు: ఫలానావారు ఫలానాది అడిగారు, రూలు ఇలా ఉన్నది, వెనుక ఇటువంటిది వచ్చినప్పుడు ఇలా చేశారు, కనుక ఇలా చెయ్యవచ్చును అని. ప్రతి మాట పక్కనా మార్జినులో పేజీ నెంబరు ఉండాలి. ముఖ్యమైన పేజీకి ఒక చీటీ గుచ్చి గుర్తు పెట్టాలి. ఈమధ్య ఫైళ్లు కంప్యూటరు ఎక్కుతున్నా పద్ధతి మటుకు అదే.

మేము కొత్తగా చేరినప్పుడు ఒక హెడ్డు గుమాస్తా ఉండేవారు. మా ఊళ్లో బొడొబాబు అంటారు. ఆయన మా నోటు చదువుతూ చదువుతూ ఒకచోట వేలు ఆపి, తల ఎత్తకుండానే, "కేఉఁఠి అఛి?" అనేవారు. ఎక్కడుంది అని. అంతే. కోపం లేదు, కసురు లేదు. "అర్జీదారు మిక్కిలి పేదవాడు" అని మేము రాస్తే, ఎక్కడుంది? ఆదాయం సర్టిఫికెట్టు ఉన్న పేజీ చూపిస్తే తల ఊపి ముందుకు పోయేవారు. చూపించలేకపోతే ఎర్రసిరాతో ఆ వాక్యం కొట్టేసేవారు. ఆ వాక్యంతోపాటు ఒక్కోసారి ఒక ముసలమ్మ పింఛను కూడా ఆగిపోయేది. అందుచేత అటువంటివాళ్ల కాగితాలు వచ్చినప్పుడు మేము రెండుసార్లు తిరిగి అయినా సర్టిఫికెట్టు తెప్పించి, అప్పుడు నోటు రాయడం అలవాటు చేసుకున్నాము. మాటకు ఆధారం కావాలన్న తెలివి మాకు పింఛను కాగితాల్లోనుంచి వచ్చింది.

దీన్నే పిల్లలకు చెప్పాము. ముందు మాటలను మూడు కుప్పలు పెట్టించాము. "గురజాడ అప్పారావుగారు 1862లో పుట్టారు." ఇది ఉన్న సంగతి, దీనితో ఎవరికీ తగువు లేదు. "ఈ కథ నాకు నచ్చింది." ఇది నీ ఇష్టం, దీనితోనూ తగువు లేదు. నీకు నచ్చలేదని చెప్పే హక్కు ఇంకొకరికి లేదు గదా. ఇంక మూడో రకం మాట ఉన్నది. ఎదుటివాడు "కాదు" అని అనగలిగేది, అన్నప్పుడు నువ్వు పుస్తకం తెరిచి చూపించగలిగేది. వ్యాసానికి కావలసిన మాట అది. కాదనేవాడు లేని మాటకు వ్యాసం అక్కరలేదు. చూపించడానికి ఏమీ లేని మాటకు వ్యాసం చాలదు.

చెప్పడానికి తేలికగానే ఉన్నది. చేయించడానికి మాకు ఆరు ఆదివారాలు పట్టింది. గురజాడవారి "దిద్దుబాటు" కథ పెట్టుకున్నాము. 1910 నాటిది, చిన్నది, ఒక్క పూటలో చదివించవచ్చును. కథ మీకు తెలిసినదే. గోపాలరావు సానిపాట విని అర్ధరాత్రి దాటి ఇంటికి వస్తాడు. భార్య కమలిని కనపడదు. బల్లమీద ఉత్తరం ఉంటుంది, పుట్టింటికి పోతున్నానని. ఆయన కంగారుపడి, తన నడవడికి పశ్చాత్తాపపడి, ఇక ఇటువంటి పని చెయ్యనంటాడు. అప్పుడు మంచం కిందనుంచి నవ్వు వినపడుతుంది.

మొదటిసారి అందరూ రాసినది ఒకటే: గోపాలరావు చెడ్డవాడు, తరువాత మంచివాడైనాడు, కాబట్టి మనమూ మంచిగా ఉండాలి. మేము వేలు పెట్టి, "మంచివాడైనాడని ఎక్కడుంది?" అన్నాము.

"చివర ఒట్టు పెట్టుకున్నాడు గదండీ" అన్నాడొకడు.

"ఒట్టు పెట్టుకోవడం, మంచివాడు కావడం ఒకటేనా?"

అంతా ఊరుకున్నారు. తొమ్మిదో క్లాసు కుర్రవాడొకడు పుస్తకం వెనక్కీ ముందుకీ తిప్పి, "మాస్టారూ, మర్నాడు రాత్రి ఆయన ఎక్కడున్నాడో కథలో లేదండి" అన్నాడు. నిజమే గదా! కథ నవ్వుతో ఆగిపోయింది. మర్నాటి రాత్రి కథలో లేదు. ఎన్నోసార్లు చదివిన కథే, ఆ మర్నాటి రాత్రిని గురించి మాతో ఇంతవరకు ఎవరూ అనలేదు. వాడు తరువాత రాసిన వాక్యం ఇది: గోపాలరావు మారతానన్నాడు గాని, మారినట్లు కథ చెప్పదు. చిన్న వాక్యం. కాని ఎవరైనా కాదంటే వాడు చివరి పేజీ తెరిచి చూపించగలడు.

వెంటనే ఇంకొక పిల్ల లేచి వాడితో తగువు వేసుకున్నది. ఆ పశ్చాత్తాపం మాటలు అనేటప్పుడు పెళ్లాం అక్కడ ఉన్నదని ఆయనకు తెలియదు. వినేవాడు నౌకరొక్కడే. పెళ్లాం మెప్పుకోసం అన్నది కాదు గనుక నిజంగానే అన్నాడని దాని వాదం. ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకే కథ, ఒకే పేజీ. ఆ పూట మేము ఇద్దరికీ తీర్పు చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ కనపడలేదు.

ఆధారం చూపించినంత మాత్రాన చాలదని తెలిసినది ఇక్కడే. పిల్లలు మాట రాసి, దాని పక్కన కథలోని ముక్క ఒకటి తెచ్చి పడేసి ఊరుకుంటారు. కట్టెలన్నీ ఏరి తెచ్చి తాడు వెయ్యకపోతే మోపు కాదు. ఈ ముక్క ఆ మాటను ఎట్లా నిలబెడుతున్నదో చెప్పే వాక్యం ఒకటి ఉండాలి. మేము దాన్ని "ముడి" అన్నాము, పిల్లలకు ఆ మాట పట్టుబడింది. పదో క్లాసు అమ్మాయి ఒకతె ఇట్లా రాసింది: కథలో నౌకరు రాముడు ఆడవాళ్లకు చదువెందుకన్నట్లు మాట్లాడతాడు. గోపాలరావు మటుకు భార్య చదువుకోవడం గొప్ప సంతోషమనే మనిషి. చివరికి ఆయన్ను దిద్దినది ఆ చదువే. "ముడి ఎక్కడమ్మా?" అంటే, కొంచెం ఆలోచించి కింద ఇంకో రెండు వాక్యాలు చేర్చింది. కమలినికి రాయడం రాకపోతే ఏడవాలి, లేదా నిజంగానే ఇల్లు విడిచిపోవాలి. రాయడం వచ్చింది గనుక ఇంట్లోనే ఉండి వెళ్లిపోగలిగింది. ఈ అమ్మాయిని పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్లీ వస్తుంది.

ఇంకొకడు తన వ్యాసాన్ని "తెలుగులో మొట్టమొదటి కథ దిద్దుబాటు" అని మొదలుపెట్టాడు. ఎక్కడుంది అంటే, గైడులో ఉందన్నాడు. సరే, మేము ఒక ఎదురుకాగితం పెట్టాము. భండారు అచ్చమాంబగారి "ధనత్రయోదశి" కథ 1902లోనే "హిందూసుందరి" పత్రికలో అచ్చయింది. ఎనిమిదేళ్లు ముందు. ఆమె భర్తగారి ఉద్యోగరీత్యా మధ్యరాష్ట్రాల వైపు కాపురముండి, మనలాగే తెలుగుగడ్డకు బయట తెలుగు రాసి, 1905లో ముప్పయ్యేళ్లకే పోయిన ఇల్లాలు. కుర్రవాడికి కష్టం వేసింది. మరైతే మొదటి కథ ఏదండీ అన్నాడు. "మొదటి" అంటే దేన్ని కొలుస్తున్నావో ముందు చెప్పు అన్నాము. తారీకునా, వాడుక భాషనా, కథ అల్లిన తీరునా? వాడు చివరికి "వాడుక భాషలో కొత్త తీరున వచ్చిన తొలి కథల్లో పేరున్నది" అని దిద్దుకున్నాడు. వాక్యానికి మొదటి దర్జా పోయింది, కాని ఇప్పుడు దాన్ని ఎవరూ కొట్టెయ్యలేరు.

అందరూ, ఎవ్వరూ, ఎప్పుడూ, మొట్టమొదటి – ఈ నాలుగు మాటలూ పిల్లల వ్యాసాల్లో వేపచెట్టు నిండా కాకుల్లాగ ఉంటాయి. వాటిని తోలడమే మా పనిలో సగం.

మన గురించి మనం చెప్పుకునే మాటల్లోనూ అవి తక్కువ లేవు. "మనం ఆంధ్రనుంచి వలస వచ్చినవాళ్లం" అని ఒక పిల్లవాడు రాశాడు. ఇంకొకడు వాళ్ల ముత్తాత నాటి ఇంటి దస్తావేజు ఇంట్లో అడిగి తీసుకుని, ప్లాస్టిక్కు కవరులో పెట్టి భద్రంగా తెచ్చాడు. 1928 నాటి తెలుగు దస్తావేజు. అందులో మద్రాసు రాజధాని, గంజాం జిల్లా, బరంపురం అని ఉన్నది. "మా ముత్తాత ఎక్కడికీ రాలేదండి. రాష్ట్రమే వచ్చింది" అన్నాడు వాడు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాంతోపాటు ఆ ఇల్లూ ఇటు వచ్చింది, గడప దాటకుండానే! పిల్లలు చప్పట్లు కొట్టారు. మాకూ ఉత్సాహం కలిగింది. ఇంతలో పట్టునేతవారింటి పిల్ల లేచి, తమ ఇంట్లో మటుకు పూర్వీకులు దక్షిణంనుంచి వచ్చి ఇక్కడ మగ్గాలు పెట్టుకున్నారనే చెప్పుకుంటారని అన్నది. రైల్వే ఉద్యోగం మీద వచ్చిన కుటుంబం పిల్లవాడు ఇంకొకడున్నాడు. ఆ కాగితం ఒక ఇంటి సంగతి చెబుతుంది, "మనం" సంగతి చెప్పదు. బల్లమీద దస్తావేజు ఉన్నా మాటను దాని కొలతకు కుదించుకోవలసి వచ్చింది.

ఈ విద్యకు మన ప్రాంతంలోనే ఒక పెద్ద ఉన్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు. మాకు ఒక పూట ప్రయాణంలో ఉన్న పర్లాకిమిడిలో బడిపంతులుగా బతికారు. పిల్లలకు ఆయన పేరు తెలుసు. ఆగస్టు 29న తెలుగు భాషా దినమని దండ వేస్తాము గనుక. ఆయన వాడుక భాషకోసం పోరాడారని కూడా రాస్తారు. ఎలా పోరాడారంటే మటుకు చెప్పలేరు. ఉపన్యాసాలతో అనుకుంటారు కాబోలు.

ఆ తగువు అసలు పిల్లల వ్యాసరచనను గురించి వచ్చిన తగువే. విద్యార్థులు తెలుగు వ్యాసం ఏ భాషలో రాయాలి, పుస్తకాల్లోని గ్రాంథికంలోనా, శిష్టులు మాట్లాడే భాషలోనా? మద్రాసు విశ్వవిద్యాలయం వారి వ్యాసరచన ఉపసంఘంలో ఉన్న గురజాడవారు 1914లో తమ అసమ్మతిని ఒక పుస్తకమంత రాసి ఇచ్చారు. గిడుగువారి పద్ధతి మా బొడొబాబు పద్ధతి. ఈ రూపం తప్పు, పూర్వకవులు వాడలేదు అని పండితులంటే, ఆయన ఆ కవుల పుస్తకాలే తీసి, ఇదిగో ఇక్కడ వాడారు, ఇదిగో ఇంకోచోట వాడారని కుప్పలు పోసేవారు. "బాలకవి శరణ్యము" అటువంటి కుప్పే. గ్రాంథికం తప్పకుండా రాయాలని పట్టుబట్టేవారు తామే తప్పు లేకుండా రాయలేకపోతున్నారన్నది ఆయన ఇంకో మాట. అది ఊరికే అనలేదు. "ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం"లో వారి రచనల్లోనుంచే తప్పులు ఏరి చూపించారు. ముఖలింగం గుడి శాసనాలు తానే చదివారు. సవరల భాష సవరల దగ్గరే కూర్చుని నేర్చుకుని వారికి పుస్తకాలు రాశారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. 1940లో పోయారు. ఈ వ్యాసం మేము ఈ భాషలో రాయగలుగుతున్నామంటే అది ఆయన చూపించిన పేజీల పుణ్యం. పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు మటుకు మా గొంతు కొంచెం పెరిగింది, ఒప్పుకోవాలి.

ఇంక అసలు సంగతికి వస్తాము. సంఘం హాలును ఆదివారాలు శుభకార్యాలకు అద్దెకు ఇస్తే నాలుగు డబ్బులు వస్తాయని కమిటీలో కొన్నాళ్లుగా మాట నడుస్తున్నది. అది తప్పని మేము అనము. పైకప్పు కారుతున్నది, కరెంటు బిల్లు కట్టాలి. క్లాసు ఉంచాలా, తీసెయ్యాలా అన్నది తేలలేదు. ఉగాది సభలో పిల్లల చేత దీనిమీదే వ్యాసాలు చదివిస్తే తల్లిదండ్రులు కదులుతారని పెద్దలకు తోచింది. మేమూ సరేనని "మన ఆదివారం తెలుగు క్లాసు ఉండాలా?" అన్న విషయం ఇచ్చాము.

పన్నెండుమంది ఉండాలన్నారు. కొన్ని మంచి వ్యాసాలే. తాతగారికి పాటలు పెట్టే కుర్రవాడు, క్లాసుకు వచ్చాక ఆ పాటల్లో మాటలు తనకూ అర్థమవుతున్నాయనీ, ఇప్పుడు ఇద్దరూ వింటున్నారనీ రాశాడు. చదివి మేము కాసేపు పుస్తకం పక్కన పెట్టాము.

పదమూడోది ఆ కమలిని అమ్మాయిది. ఈ రూపంలో క్లాసు ఆపెయ్యాలన్నది.

అది రాయడానికి ముందు వారం మా దగ్గరకు వచ్చి హాజరుపట్టీ అడిగింది. ఎందుకమ్మా అంటే, పేజీ నెంబరు వెయ్యాలండి అన్నది. మూడేళ్ల పట్టీ చూసి, మధ్యలో మానేసినవాళ్లు 8 మందిని ఏరింది. సాయంత్రాలు సైకిలు మీద వాళ్లందరి ఇళ్లకూ వెళ్లి మాట్లాడింది. ఆ 8 ఇళ్లలో ఆరింట తెలుగు మాట్లాడే పెద్దవాళ్లు ఎవరూ లేరు. పోయినవారు కొందరు, వేరే ఊళ్లలో ఉన్నవారు కొందరు. ఇంకా వస్తున్న 13 మంది ఇళ్లలోనూ ఒక మామ్మో, తాతో, అత్తో ఉన్నారు. కనుక, పిల్లలకు తెలుగు ఇస్తున్నది క్లాసు కాదు, ఇంట్లోని పెద్ద. క్లాసు ఉన్నవాడికే ఇస్తున్నది, లేనివాడికి అందడం లేదు. ఇది ఆ పిల్ల ముడి. దీనికి తానే ఒక ఎదురుమాట కూడా పెట్టుకున్నది: చదవడం, రాయడం మటుకు క్లాసులోనే వచ్చాయి, ఈ వ్యాసం అందుకు సాక్ష్యం. చివర ఇంకో వాక్యం రాసింది: ఇది మా క్లాసు సంగతే, వేరే ఊరి సంగతి నాకు తెలియదు. ఈ రెండు గంటలూ పెద్దలు లేని ఇళ్ల పిల్లలను పెద్దలున్న ఇళ్లకు పంపితే మేలని ఆమె సలహా. వంటింట్లో కూర్చోబెట్టినా సరేనట.

మేము అర్ధరాత్రి దాకా ఆ నాలుగు పేజీలతో కూర్చున్నాము. దాచడమెందుకు, ముడి ఎక్కడైనా వదులుగా ఉన్నదేమోనని వెతికాము. ఒకటి దొరికినట్లు తోచింది. పదో క్లాసు పిల్లలకు ఆదివారం ట్యూషన్లుంటాయి, వాళ్లు అందుకే మానుకున్నారేమో? మర్నాటి వారం అడిగాము. అమ్మాయి కాగితం తిప్పి వెనుక చూపించింది. అడిగానండి, ఇద్దరు ట్యూషనన్నారు, ఇక్కడ రాశాను, ఆ ఇద్దరి ఇళ్లలోనూ మామ్మలున్నారండి అన్నది. తక్కిన ఆరుగురి సంగతి అలాగే నిలబడింది.

మార్కులు అందరికన్న ఎక్కువ వేశాము. ఇంకేం చేస్తాము? మూడేళ్లు "ఎక్కడుంది?" అని అడిగి, ఒక పిల్ల ఇదిగో ఇక్కడుంది అని చూపిస్తే, అది మాకు కావలసిన చోట లేదని మొహం తిప్పుకుంటామా?

కమిటీలో ఒక పెద్దాయన చదివి, కళ్లజోడు తీసి, "అమ్మాయి బాగానే రాసిందయ్యా, కాని పండుగపూట ఇది ఎందుకు? శుభమా అని నలుగురూ కూర్చున్నప్పుడు..." అన్నారు. ఆయన బాధ మాకు తెలుసు. ఈ క్లాసు మొదలుపెట్టినప్పుడు కుర్చీలు తన ఇంటినుంచి మోయించిన మనిషి. ఇంకొకాయన, "మీరే రాయించారా ఏమిటి?" అన్నారు. ఆ మాటకు మేము జవాబు చెప్పలేదు. హాజరుపట్టీ తెరిచి, అమ్మాయి పెన్సిలుతో పెట్టిన గుర్తులు చూపించాము.

ఆ రాత్రి అమ్మాయి తండ్రిగారు మా ఇంటికి వచ్చారు. బజారులో చిన్న బట్టల దుకాణం ఆయనది. కూర్చోమంటే కూర్చోలేదు. "మాస్టారూ, మా పిల్ల పెద్దవాళ్లను ఏమైనా తక్కువ చేసి రాసిందా? చెప్పండి, నేను మందలిస్తాను" అన్నారు. మేము ఆ నాలుగు పేజీలూ ఆయన చేతికిచ్చాము. ఆయన గుమ్మంలో దీపం కింద నిలబడి మెల్లగా చదివారు. తెలుగు ఆయనకూ కూడబలుక్కోవలసిందే. చివరికి వచ్చేసరికి, "ఈ ఆరిళ్లూ నాకు తెలిసినవేనండి" అన్నారు. ఇంకేమీ అనలేదు. మా ఆవిడ మంచినీళ్లిస్తే తాగి వెళ్లిపోయారు.

ఉగాది నాడు ఎవరి వ్యాసం చదవాలి, ఎవరిది మానాలి అని మేము తలపట్టుకుని కూర్చుంటే, ఆ చిక్కు అమ్మాయే విప్పింది. తనది ఉగాదికి వద్దన్నది. "సభలో చప్పట్లు కొడతారు గాని నిర్ణయం చెయ్యరు గదండీ. నిర్ణయం చేసే మీటింగులో పెట్టండి" అన్నది. తాతగారి పాటల వ్యాసం కూడా దానితోపాటే పెట్టమన్నది. అది తన మాటకు ఎదురుమాట గనుక, రెండూ కలిపి చదవాలట.

కమిటీ వచ్చే నెల రెండో ఆదివారం కూర్చుంటుంది. రెండు వ్యాసాలకూ నకళ్లు తీయించాము. హాజరుపట్టీని కింద జతచేసి, మూడు చోట్ల చీటీలు గుచ్చాము. హాలు అద్దె లెక్క వేసిన కోశాధికారిగారి కాగితం కూడా అందులోనే ఉన్నది. పైన మా నోటు ఒక పేజీ. అందులో ఇంకా చివరి వాక్యం రాయలేదు. ఆ ఉదయం క్లాసు మామూలుగానే ఉన్నది, పిల్లలను పది నిమిషాలు ముందుగా రమ్మన్నాము.